భూమాత గడి నుంచి డేబ్రేక్ దాకా

1940లో అమెరికాలో జనాభా లెక్కలు రాసుకున్నప్పుడు డెబ్భై దాటిన ఒక స్త్రీ తన వృత్తి 'ఆటల తయారీ' అని నమోదు చేయించుకుంది. ఆదాయం అన్న చోట సున్నా ఉంది. ఆమె పేరు ఎలిజబెత్ మేగీ. లిజీ అనేవారు. అప్పటికి అయిదేళ్ళుగా ఆమె ఊహలోంచి పుట్టిన ఆట ఆ దేశమంతటా విపరీతంగా అమ్ముడుపోతూ ఉంది. కాకపోతే మరో పేరుతో, మరో మనిషి ఖాతాలో. ఆట పేరు మొనాపలీ. దాన్ని కనిపెట్టినవాడిగా లోకానికి తెలిసిన పేరు చార్లెస్ డారో. మన ఇళ్ళల్లో వేసవి సెలవుల్లో పిల్లలు చాప పరుచుకుని ఆడే 'బిజినెస్' ఆట దాని సంతానమే. బొంబాయి కొనడం, దాని మీద ఇల్లు కట్టడం, చెల్లెలి కాయ అక్కడికి రాగానే అద్దె వసూలు చేయడం. ఆమె చేతిలో కాగితం నోట్లన్నీ అయిపోయి ఏడుపు మొహం పెడితే మనం గెలిచినట్టు లెక్క.

లిజీ మేగీ సున్నా ఈ మధ్య నన్ను వదలడం లేదు. కొన్ని నెలలుగా మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు మేం ఆడుతున్న మరో ఆటే అందుకు కారణం. దాని పేరు 'డేబ్రేక్'. తెల్లవారడం అన్నమాట. 2023లో వచ్చింది. తయారుచేసినవాళ్ళు ఇద్దరు, అమెరికాకు చెందిన మాట్ లీకాక్, ఇటలీకి చెందిన మాటియో మెనపాచే. 2024లో జర్మనీలో ఏటా ఇచ్చే పేరున్న ఆటల బహుమతుల్లో, కాస్త అనుభవం ఉన్న ఆటగాళ్ళ విభాగంలో దానికే బహుమతి వచ్చింది. వాతావరణ సంక్షోభాన్ని అందరూ కలిసి ఎదుర్కోవడమే ఆట. కలిసి గెలుస్తారు, లేదా కలిసి ఓడిపోతారు.

మా అక్క కూతురు దాన్ని తెచ్చింది. నలుగురం ఆడతాం. అక్క కూతురు, నేను, మా కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన స్నేహితురాలు, గ్రామీణాభివృద్ధి శాఖలో పనిచేసి వచ్చిన పక్కింటి వదినగారు. నాలుగు స్థానాలుంటాయి: అమెరికా, యూరప్, చైనా, మిగిలిన ప్రపంచం. ఆ మిగిలినదానికి ఆటలో 'మెజారిటీ వరల్డ్' అని పేరు. మనం అందులోనే ఉన్నాం.

ప్రతివాళ్ళ ముందూ ఒక అట్ట. దాని మీద బొగ్గు కరెంటు, శుభ్రమైన కరెంటు, వాహనాలు, పరిశ్రమలు, సేద్యం - ఎవరి దేశం ఎంత కర్బనం వదులుతోందో చూపే బిళ్ళలు. మధ్యలో భూమి. రౌండు చివర అందరూ వదిలిన కర్బనాన్ని చిన్న చెక్క ముక్కలుగా లెక్కపెడతాం. చెట్లు కొన్ని పీల్చుకుంటాయి, సముద్రాలు కొన్ని పీల్చుకుంటాయి. మిగిలినవన్నీ థర్మామీటరులోకి పోతాయి. అది నిండినకొద్దీ వేడి పెరుగుతుంది, పెరిగినకొద్దీ పాచికలు ఎక్కువసార్లు వెయ్యాలి, వేసిన ప్రతిసారీ భూమికి ఏదో ఒకటి జరుగుతుంది. అడవి తగ్గుతుంది, సముద్రం పీల్చే శక్తి తగ్గుతుంది. ఆ మీదట తుఫాన్లు, కరువుల కార్డులు. రౌండు రౌండుకీ కరెంటు అవసరం పెరుగుతుంది. దానికి తగ్గట్టు ఇవ్వలేకపోతే జనం కష్టంలో పడతారు. ఆరు రౌండ్లలోపు, వదిలే కర్బనం కన్నా చెట్లూ సముద్రాలూ పీల్చేది ఎక్కువయ్యే స్థితికి ప్రపంచాన్ని తీసుకురావాలి. ఆ రౌండు కష్టాలను కూడా దాటుకుని నిలబడితే గెలుపు.

మొదటి రెండు ఆదివారాలూ ఓడిపోయాం. మా స్నేహితురాలు "ఇంత కష్టపడి ఓడిపోవడానికి ఆటెందుకే, పేపరు చదివితే చాలదూ" అంది. కానీ మూడో ఆదివారం మా అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది.

మనకు తెలిసిన పాత ఆటలన్నీ పక్కన పెట్టుకుని చూస్తే డేబ్రేక్ ఎంత వింతదో తెలుస్తుంది. వైకుంఠపాళి తీసుకోండి. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము. ఎవరి కాయ వాళ్ళది, ఎవరి కర్మ వాళ్ళది. పక్కవాడిని పాము మింగితే మన కాయ ఆగదు. వైకుంఠానికి ఒంటరిగానే చేరాలి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పట్టుకెళ్ళి విక్టోరియా కాలపు నీతులు అతికించి తమ పిల్లలకు ఇచ్చారు. నీతులు మారాయి గానీ ఒంటరితనం మారలేదు. వాతావరణం గురించి మనకు చాలాకాలం చెప్పిన కథ కూడా వైకుంఠపాళి లాంటిదే. 2000 దశకం మధ్యలో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ 'మీ కర్బన పాదముద్ర ఎంత?' అని జనాన్ని అడుగుతూ పెద్ద ప్రచారం చేసింది. నూనె తవ్వేవాళ్ళు నూనె వాడేవాళ్ళ చేతికి పాపాల పట్టీ ఇచ్చారు. ఆ పట్టీ ఇళ్ళకు చేరాక ఎవరి చేతిలో పడుతుందో వేరే చెప్పాలా? ప్లాస్టిక్ సంచి మానడం, గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోయడం, చెత్త వేరుచేయడం - ఇవన్నీ ఆడవాళ్ళ నోము అయికూర్చున్నాయి.

ఆటను మరోలా వాడుకున్న స్త్రీలు లేకపోలేదు. ఇంగ్లండులో ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలు 1908 ప్రాంతంలో 'సఫ్రజెట్టో' అనే ఆట తయారుచేశారు. ఒకరివి ఉద్యమకారిణుల కాయలు, ఇంకొకరివి పోలీసుల కాయలు. స్త్రీలు పార్లమెంటులోకి చొరబడాలి, అదే సమయంలో తమ సభ జరుగుతున్న ఆల్బర్ట్ హాలును పోలీసులు పట్టుకోకుండా చూసుకోవాలి. పట్టుబడిన స్త్రీ కాయ జైలుకు పోతుంది, దెబ్బతిన్న పోలీసు కాయ ఆస్పత్రికి పోతుంది. ఇప్పటికి తెలిసినంతలో మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. 1909లో 'పాంక్-ఎ-స్క్విత్' వచ్చింది. ఉద్యమ నాయకురాలు పాంక్‌హర్స్ట్ పేరూ, ప్రధానమంత్రి ఆస్క్విత్ పేరూ కలిపి పెట్టిన ఎకసెక్కపు పేరు. గడులు నత్తగుల్లలా చుట్టుకుంటూ ఇంటి నుంచి పార్లమెంటుకు పోతాయి. ఒక గడిలో కాయ పడితే నిజంగానే ఒక పెన్నీ ఉద్యమ నిధికి పంపాలి. ఆట, చందా రెండూ ఒకేసారి! మన సంఘాలకు ఈ ఉపాయం ఎందుకు తట్టలేదో.

లిజీ మేగీ ఆలోచన ఇంకా లోతుకు పోయింది. ఆమె 1866లో పుట్టింది. వాషింగ్టన్‌లో స్టెనోగ్రాఫర్. హెన్రీ జార్జ్ 1879లో రాసిన 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' ప్రభావంలో పెరిగిన మనిషి. నేల ఎవరూ తయారుచేసింది కాదు, నేల మీద వచ్చే అద్దె సమాజానిదే, పన్ను దాని మీదే వెయ్యాలి అన్నది ఆయన వాదం. దీన్ని ఉపన్యాసాలతో చెబితే ఎంతమంది వింటారు అనుకుని ఆమె 'లాండ్‌లార్డ్స్ గేమ్' తయారుచేసి, 1904 జనవరి 5న పేటెంట్ తీసుకుంది. ఆ అట్టను చూసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. చుట్టూ అమ్మకానికున్న స్థలాలు, నాలుగు వైపులా రైలు మార్గాలు, జైలు మూల. ఒక మూల మాత్రం వేరు. ఈనాడు 'గో' అని ఉండే చోట ఆమె భూమాత బొమ్మ పెట్టింది. భూమాత మీద చేసే శ్రమే కూలిని పుట్టిస్తుందని అక్కడ రాసింది. ఆ గడి దాటిన ప్రతిసారీ ఆటగాడికి కూలి వస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళు భూమాతను తీసేశారు, శ్రమను తీసేశారు, డబ్బును మాత్రం ఉంచారు.

ఆమె రెండు రకాల నియమాలు రాసింది. ఒకటి మనకు తెలిసినదే, ఒకడు అందర్నీ మింగేదాకా ఆడేది. రెండోదానిలో నేల మీది అద్దె ఉమ్మడి ఖజానాకు పోతుంది, దానితో అందరికీ మేలు జరుగుతుంది. ఆ రెండో రకంలో ఆట ఎప్పుడు ముగుస్తుందంటే, అందరికన్నా తక్కువ డబ్బున్న ఆటగాడి సొమ్ము మొదట్లో ఉన్నదానికి రెట్టింపు అయినప్పుడు. అంటే అందరికన్నా వెనకబడ్డ మనిషిని చూసి, ఆమె పరిస్థితి మెరుగుపడిందా లేదా అని గెలుపును కొలవడం. ఒకే అట్ట మీద రెండు ఆటలూ ఆడితే, పేదరికం దేవుడు రాసింది కాదనీ, మనుషులు రాసుకున్న నియమాల్లో ఉందనీ పిల్లలకైనా అర్థమవుతుందని ఆమె ఆశ.

ఇదే మేగీ 1906లో తనను తాను అమ్మకానికి పెట్టుకుంటూ ప్రకటన ఇచ్చింది. 'అమెరికన్ యువతి బానిస, ఎక్కువ ధర ఇచ్చినవారికి' అనే తీరులో. స్త్రీ కష్టపడి పనిచేసినా ఆ జీతంతో బతకలేదని, పెళ్ళి తప్ప దారి లేకుండా చేశారని చెప్పడానికి. పత్రికల్లో గగ్గోలయింది. ఈ ప్రకటననూ ఆ ఆటనూ వేర్వేరుగా చూడకూడదని నాకనిపిస్తుంది. అద్దె గురించి ఆలోచించిన బుర్రే జీతం గురించీ ఆలోచించింది.

తర్వాత కథ క్లుప్తంగా. ఆమె ఆట చేతి నుంచి చేతికి, ఊరి నుంచి ఊరికి పాకింది. విశ్వవిద్యాలయాల్లో ఆడారు. అట్లాంటిక్ సిటీలో క్వేకర్లు తమ వీధుల పేర్లు పెట్టుకున్నారు. అక్కడి నుంచి డారో చేతికి, 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీకి. పేటెంటుతో చిక్కు రాకుండా కంపెనీ ఆమెకు 500 డాలర్లు ఇచ్చి హక్కులు కొనేసుకుంది. అమ్మకాల్లో వాటా లేదు. ఆమె 1948లో చనిపోయింది. 1970లలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు రాల్ఫ్ ఆన్‌స్పాక్ తాను తయారుచేసిన 'యాంటీ మొనాపలీ' ఆట మీద వచ్చిన కేసులో వాదించడానికి పాత కాగితాలు తవ్వితేగానీ ఆమె పేరు బయటపడలేదు. ఆమె రాసిన రెండు నియమాల్లో ఏది బతికిందో చెప్పక్కర్లేదు.

అందుకే డేబ్రేక్ నియమాల పుస్తకంలో ఓటమి గురించి రాసింది చదువుతుంటే నాకు మేగీ గుర్తొచ్చింది. ఈ ఆటలో ఓడిపోవడానికి భూమి మరీ వేడెక్కనక్కర్లేదు. నలుగురిలో ఏ ఒక్కరి అట్ట మీదైనా కష్టంలో పడ్డ జనసముదాయాల బిళ్ళలు హద్దు దాటితే చాలు, నలుగురూ ఓడిపోయినట్టే. అమెరికా ఎంత చల్లగా ఉన్నా, యూరప్ ఎన్ని గాలిమరలు పెట్టుకున్నా లాభం లేదు. మేగీ గెలుపును వెనకబడ్డ మనిషితో కొలిచింది. వీళ్ళు ఓటమిని కొలిచారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత ఆ రెండో నియమం మరో దారిలో బల్ల మీదికొచ్చింది. ఈ తయారీదారులు ఆమెను చూసి రాశారని నేననడం లేదు. పోలిక మాత్రం నాకు బలంగా కనిపిస్తోంది.

మధ్యలో మరో పాయ ఉంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రూత్ కార్నీలియస్, థియో లెంజ్ అనే ఇద్దరు శాంతి పరిశోధకులు కలిసి ఆడే ఆటల మీద చిన్న పుస్తకం వేశారు. 1972లో కెనడాలో జిమ్ డీకోవ్ కుటుంబం ఇలాంటి ఆటలే తయారుచేసే చిన్న సంస్థ పెట్టుకుంది. పెద్దవాళ్ళు వీటిని పిల్లల వ్యవహారంగానే చూశారు. 2008లో లీకాక్ తయారుచేసిన 'పాండెమిక్' - నలుగురూ కలిసి మహమ్మారులను అరికట్టే ఆట - ప్రపంచమంతా ఆడాక గానీ, పోటీ లేకపోతే పెద్దలకు విసుగొస్తుందనే వాదన వెనక్కి తగ్గలేదు.

కలిసి ఆడే ఆటలకు వాటి జబ్బు వాటికుంది. నియమాలు బాగా వచ్చినవాళ్ళో, గొంతు పెద్దదున్నవాళ్ళో అందరి తరఫునా ఆడేస్తారు. మిగిలినవాళ్ళు కాయలు జరిపే చేతులుగా మిగిలిపోతారు. మనలో ఎవరు మీటింగులకు వెళ్ళలేదు గనక! పాండెమిక్ మీద ఈ ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. డేబ్రేక్‌లో అందరూ ఒకేసారి, ఎవరి కార్డులు వాళ్ళు చూసుకుంటూ ఆడేలా పెట్టడంతో చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. మా అక్క కూతురు "పిన్నీ, ఆ కార్డు అక్కడ కాదు, ఇక్కడ" అంటూ మొదలుపెడితే వదినగారు కళ్ళద్దాలు తీసి, "అన్నీ నువ్వే ఆడేట్టయితే మేమెందుకమ్మా, టీ పెట్టడానికా?" అన్నారు. ఆ రోజు టీ అక్క కూతురే పెట్టింది.

ఆ కార్డుల సంగతి కాస్త చెప్పాలి. ఒక్కో కార్డు ఒక పథకమో, ఒక సాంకేతికతో, ఒక విధానమో. ముందర అయిదు వరసలుంటాయి. కొత్త కార్డును వరసలో పైన పెడితే దాని పని జరుగుతుంది. లేదా పైనున్న కార్డు కిందికి దూర్చవచ్చు. అప్పుడు దాని పేరూ బొమ్మా కనపడవు, అంచున ఉన్న గుర్తు మాత్రం బయటికి కనిపిస్తుంది. ఆ గుర్తుతో పై కార్డుకు బలం వస్తుంది. కింద ఎన్ని కార్డులుంటే పైది అంత జోరుగా పనిచేస్తుంది. ఆట రహస్యమంతా ఈ దూర్చడంలోనే ఉందని ఆడగా ఆడగా తెలుస్తుంది. మా స్నేహితురాలు మొదటిరోజే "మన సంసారాలు ఇవే కదటే" అని నవ్వింది.

నాకు మాత్రం యూనిస్ ఫుట్ గుర్తొచ్చింది. 1856లో ఆమె రెండు గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒకదానిలో మామూలు గాలి, ఒకదానిలో కర్బన వాయువు నింపి, ఎండలో పెట్టింది. కర్బన వాయువున్న గొట్టం ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చాక చల్లారడానికి చాలా ఎక్కువసేపు పట్టింది. ఒకప్పుడు భూమి చుట్టూ ఈ వాయువు ఎక్కువగా ఉండి ఉంటే భూమి ఇప్పటికన్నా వేడిగా ఉండేదని ఆమె రాసింది. ఆ ఆగస్టులో ఆల్బనీలో జరిగిన అమెరికా శాస్త్రజ్ఞుల సభలో ఆ పత్రాన్ని చదివింది ఆమె కాదు, స్మిత్‌సోనియన్ సంస్థ అధిపతి జోసెఫ్ హెన్రీ. మూడేళ్ళ తర్వాత ఐర్లండులో పుట్టిన జాన్ టిండల్ లండన్‌లో మరింత సూక్ష్మమైన పరికరాలతో, భూమి వెనక్కి వదిలే వేడిని ఈ వాయువులు పట్టి ఉంచుతాయని నిరూపించాడు. ఆయన పని ఆమె పనికన్నా ముందుకు పోయిన మాట నిజమే. సూర్యకాంతి వేడికీ, భూమి వదిలే వేడికీ తేడా ఫుట్ ప్రయోగంలో తేలదు. అయినా వాతావరణశాస్త్రం పుట్టుక గురించిన పుస్తకాల్లో నూట యాభై ఏళ్ళు ఆమె పేరే లేకపోవడానికి అది కారణం కాదు. 2011లో రేమండ్ సోరెన్సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పాత సంచికల్లో చూసి బయటపెట్టాడు.

ఫుట్ పేరు మనకు మరోచోట దొరుకుతుంది. 1848లో సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల ప్రకటన మీద సంతకం చేసిన 68 మంది స్త్రీలలో ఆమె ఒకరు. ఆ సభ కార్యక్రమాలను అచ్చుకు సిద్ధం చేసిన కొద్దిమందిలో కూడా ఉంది. స్త్రీవాద చరిత్ర రాసేవాళ్ళు ఆమెను ప్రయోగశాలలో వెతకలేదు, విజ్ఞానశాస్త్ర చరిత్ర రాసేవాళ్ళు సెనెకా ఫాల్స్‌లో వెతకలేదు. రెండు అల్మరాల మధ్య సందులో పడిపోయింది.

వ్యవసాయానికి సంబంధించిన కార్డు వచ్చినప్పుడల్లా నేను దాన్ని కిందికి దూర్చకుండా పైన పెట్టాలని చూస్తాను. ఇది ఆట దృష్ట్యా ఎప్పుడూ తెలివైన పని కాదని అక్క కూతురు సణుగుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1980ల నుంచీ బీడు నేలల్లో జొన్న, కొర్ర, కంది కలిపి వేసుకుంటూ, విత్తనాలు ఇంట్లోనే దాచుకుంటూ వచ్చారు. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం అని దానికి పేరు పెట్టింది తర్వాతివాళ్ళు. 2008లో వాళ్ళే సొంతంగా 'సంగం రేడియో' నడపడం మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఆ కార్యక్రమం ఊళ్ళల్లోకి వెళ్ళింది స్త్రీల పొదుపు సంఘాల మీదుగానే. ఈసారి వేదిక మీద అధికారితో పాటు నెట్టెం నాగేంద్రమ్మ అనే రైతు కూడా ఉన్నారు. పేరుతో సహా. ఇలాంటిచోట పేరు రాసిపెట్టడం చరిత్ర చెప్పేవాళ్ళకు ముఖ్యమైన పని.

ఇంత మెచ్చుకున్నాక ఈ ఆటతో నా పేచీ కూడా చెప్పాలి. 'మెజారిటీ వరల్డ్' అన్న మాటను 1990ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చినవాడు బంగ్లాదేశ్ ఫొటోగ్రాఫర్ షాహిదుల్ ఆలమ్. మూడో ప్రపంచం, వెనకబడ్డ దేశాలు అని మనల్ని ఎందుకు పిలవాలి, మనుషుల్లో ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు కదా అని. మంచి మాట. కానీ ఆ ఎక్కువమందిని ఒక్క అట్ట మీద, ఒక్క ఆటగాడి చేతిలో పెడితే ఏమవుతుంది? సింగరేణి, సహారా, అమెజాన్ అడవి, అన్నీ నా ముందరి ఒకే అట్ట. అమెరికాకు ఒక కుర్చీ, మాకందరికీ ఒక కుర్చీ.

ఇంకోటి. థర్మామీటరులోకి వెళ్ళే కర్బనం ముక్కలకు ఎవరివో ఆనవాలు ఉండదు. పడ్డాక అందరివీ ఒకటే. ఆట మొదలయ్యే సరికే భూమి కొంత వేడెక్కి ఉంటుంది. ఆ వేడి ఎవరి పొయ్యిలోది అని బల్ల మీద ఎవరూ అడగరు, అడిగే వీలు నియమాల్లో లేదు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ కలిసి అడిగిన ప్రశ్న అదే. అంతకుముందు ఏడాది వాషింగ్టన్‌లోని ఒక సంస్థ లెక్కలు వేసి ఇండియా, చైనా, బ్రెజిల్‌లను పెద్ద దోషుల పట్టీలో చేర్చింది. పేదరైతు వరిమడిలోంచి వచ్చే మీథేనునూ, డెట్రాయిట్ కారు పొగనూ ఒకే గాటన కట్టడం ఏం న్యాయమని వీళ్ళు నిలదీశారు. బతకడానికి వదిలేది వేరు, విలాసానికి వదిలేది వేరు అన్న తేడాను అంతర్జాతీయ చర్చలోకి బలంగా తెచ్చింది వాళ్ళ చిన్న పుస్తకమే. 1992 రియో ఒప్పందంలో 'బాధ్యత ఉమ్మడిదే, కానీ అందరికీ ఒకే పాళ్ళలో కాదు' అన్న సూత్రం చేరింది. నష్టపోయే దేశాలకు పరిహారం ఏర్పాటు ఉండాలని 1991లోనే చిన్న ద్వీప దేశాల తరఫున వనువాటు ప్రతిపాదించింది. నిధి పెట్టడానికి ఒప్పుకున్నది 2022లో, షర్మ్ ఎల్ షేక్‌లో. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆటలో ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళూ జరిగిపోయి, అందరూ మంచివాళ్ళయ్యాక మొదటి రౌండు మొదలవుతుంది.

"అలా కాకపోతే ఆటే సాగదు కదా పిన్నీ, మొదటి రౌండులోనే కొట్టుకుంటారు" అంటుంది అక్క కూతురు. అదీ నిజమే. కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో ఒకసారి చేతులతో చేసి చూడడం కోసమే ఈ ఆట అని ఆమె వాదన. నేను పూర్తిగా ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఆ కష్టంలో పడ్డ సముదాయాల బిళ్ళ. చిన్న బిళ్ళ. మొహం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయిన పదివేల మందినీ ఈ లెక్కన ఎన్ని బిళ్ళలతో చెప్పాలి? 2015 వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారని అధికారిక లెక్క. 1991 బంగ్లాదేశ్ తుఫానులో లక్షా నలభై వేల మంది పోయారు. ఆ తర్వాత లెక్కలు తీస్తే, ఇరవై నుంచి నలభై నాలుగేళ్ళ వయసువాళ్ళలో వెయ్యి మంది స్త్రీలకు 71 మంది, వెయ్యి మంది మగవాళ్ళకు 15 మంది. పిల్లల్ని పట్టుకుని, ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండిపోయినవాళ్ళు, మగవాళ్ళు లేకుండా షెల్టరుకు ఎలా వెళ్ళాలని తటపటాయించినవాళ్ళు. ఆటలో తట్టుకునే శక్తి మూడు రకాలు: ప్రకృతిది, కట్టడాలది, సమాజానిది. మూడోది చేర్చడం వాళ్ళ గొప్ప. కానీ ఆ సమాజంలో ఎవరికి షెల్టరు దాకా వెళ్ళే వీలుంది అన్నది బిళ్ళ చెప్పదు.

అందుకని మేం ఒక నియమం కలుపుకున్నాం. వదినగారి ఆలోచన. ఎవరి అట్ట మీద కష్టం బిళ్ళ పడినా, పెట్టేముందు అది ఎవరిదో వాళ్ళు చెప్పాలి. ఊరు, ఏడాది, మనిషి ఎలాంటి మనిషి. తెలియకపోతే వెతికి చెప్పాలి, అప్పటిదాకా ఆట ఆగుతుంది. యూరప్ ఆడుతున్న మా స్నేహితురాలు 2003 ఆగస్టులో ఫ్రాన్సు వేడికి చనిపోయిన పదిహేను వేల మంది గురించి చదివింది. ఎక్కువమంది వృద్ధులు, వాళ్ళలోనూ స్త్రీలు ఎక్కువ. అమెరికా ఆడుతున్న అక్క కూతురు 1995 షికాగో వేడి గురించి చదివి, అక్కడ ఒంటరి గదుల్లో చనిపోయినవాళ్ళలో ముసలి మగవాళ్ళే ఎక్కువని చెప్పింది. ఆడవాళ్ళకు పలకరించే ఇరుగుపొరుగు కాస్త మిగిలి ఉందట. దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. చైనా బిళ్ళకు 2021 జులైలో జెంగ్‌జౌ మెట్రో సొరంగంలో మెడదాకా నీళ్ళలో నిలబడ్డ ప్రయాణికులు వచ్చారు. నా వంతుకు ఉపాధి హామీ పనిలో మే నెల ఎండలో మట్టి మోస్తున్న స్త్రీ వచ్చింది. వదినగారు ఆ పనుల మస్టర్ రోళ్ళు చూసిన మనిషి కాబట్టి ఆ కథ నాకన్నా ఆవిడే ఎక్కువ చెప్పారు.

పెట్టె మీద రాసిన దాని ప్రకారం ఆట గంట, గంటన్నరలో అయిపోవాలి. మాకు రెండు ఆదివారాలు పడుతోంది. పోయిన వారం నాలుగో రౌండు మధ్యలో ఆగాం. అట్టలు అలాగే బల్ల మీద ఉన్నాయి, మీద పాత చీర కప్పాను.